గోడచెవి విన్న మాట

2083 నాటికి ఆకాశంలో మనిషి నడిపే విమానం ఒక్కటీ మిగలలేదు. కూరగాయల సంచులతో సహా జనం వాటంతట అవే ఎగిరే డబ్బాల్లో తిరుగుతున్నారు. అలాంటి డబ్బా ఒకటి వకుళను పొగడవలస పాత విమానాశ్రయంలో దింపింది.

ఒకే రన్‌వే, రేకుల హ్యాంగర్, రెండంతస్తుల కంట్రోల్ టవర్. ఇప్పుడది మ్యూజియం. గుడ్డ రెక్కల శిక్షణ విమానాలను దాటుకుని ఆమె తిన్నగా టవర్ మెట్లెక్కింది. గోడమీద చివరి పైలట్ల బృందం ఫోటో ఉంది. ఎడమనుంచి మూడో అమ్మాయి ఆమె కూతురు నీరజ.

నీరజ చివరిసారి ఎగిరిన ఉదయం ఇంట్లో గొడవ ఒక్క మాట మీద. "పోతున్నా" అంది నీరజ. "వెళ్ళొస్తా అనలేవుటే? నోట్లోంచి మంచి మాట రాదా?" అని వకుళ కసిరింది. తర్వాత మనసాగక టవర్‌కు ఫోన్ చేసింది. "ఇప్పుడే పోయిందమ్మా" అన్నాడు ఆపరేటర్. గంట తిరక్కుండా విమానం కూలింది.

తను ఫోన్ చేసేసరికి పిల్ల నిజంగా బయలుదేరిందా? ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమెను తొలిచే ప్రశ్న అదొక్కటే.

జవాబు చెప్పగలిగేది ఈ టవర్‌లోని గోడచెవి అనే యంత్రం. మనం మాట్లాడినప్పుడు ధ్వని తరంగాలు సున్నపు పూతలో కంటికి కనబడని గీతలు వదులుతాయి. లేజర్ వాటిని పొరపొరగా చదివి మళ్ళీ మాటగా మారుస్తుంది. చదివిన పొర పొడిగా రాలిపోతుంది.

"కూర్చోండి టీచర్‌గారూ," అన్నాడు శాస్త్రవేత్త ఫణిభూషణ్. "ఆమధ్య ఒకాయన పైలట్ ముత్తాతగారి వీరవాక్యాలు వినడానికొచ్చారు. 'చట్నీ పులిసిపోయిందిరా' అని వినబడింది. నా మీద ఫిర్యాదు పెట్టారు!"

వకుళ నవ్వలేదు.

యంత్రం గరగరలాడింది. ఫోన్ మోగిన చప్పుడు. తర్వాత నీరజ గొంతు: "అమ్మేనా? అయ్యో, రన్‌వేకి పిలుపొచ్చేసింది సార్. వెళ్ళొస్తానన్నానని చెప్పండి."

వకుళ తల అడ్డంగా ఊపింది.

"ఇది మా పిల్ల మాట కాదు," అంది. "నన్ను ఉడికించడానికి, ఆ ఒక్క మాటా ఎప్పుడూ అనేది కాదు."

ఫణిభూషణ్ తల దించుకున్నాడు. "ఫిర్యాదులు పెరిగాక 'పూరకం' అని ఒకటి జోడించామండీ. బాధపెట్టే మాటలుంటే సర్ది వినిపిస్తుంది. తీసెయ్యమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"తీసెయ్యి నాయనా."

యంత్రం తను చదివి దాచుకున్నదాన్నే మళ్ళీ వినిపించింది. ఈసారి గొంతు బిరుసుగా వచ్చింది. "అమ్మా? నేను లేనని చెప్పండి సార్. పోయానని చెప్పండి." వెనక ఎవరో నవ్వారు.

వకుళ చేతిసంచి పట్టీని వేళ్ళకు చుట్టుకుంది, విప్పింది. గోడవార సున్నం పొడి తెల్లగా పడి ఉంది.

"ఒక గొంతుకు ఒక్క ప్రతే నిల్వ చేస్తామండీ," అన్నాడు ఫణిభూషణ్ మెల్లగా. "ఇంకోటి చెరిగిపోతుంది. ఏది ఉంచమంటారు?"

ముప్పై నాలుగేళ్ళు పిల్లల రాతలో ఒక్క తప్పునైనా చూసీచూడనట్టు వదలని టీచర్ కలం కోసం చెయ్యి చాచింది.

"మొదట విన్నది."

అతను ముందుకు జరిపిన కాగితం మీద ధ్రువీకరణ అచ్చయి ఉంది: 'ఇవి నా కూతురు పలికిన మాటలే.' దాని కింద గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది.