వాకిట్లోకి ఎంత వెలుగు?

"ఇంతకన్నా పెద్దది లేదా?" అని అడిగింది కనిషాయ్.

లైట్ల కొట్లో కౌంటరు వెనక ఉన్న సిర్గాక్ ఆమె చేతిలోని లైటు వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. "ఉందండీ. కానీ అది ఫుట్‌బాల్ గ్రౌండుకి కొంటారు. మీరు పెట్టేది ఇంటికేనా?"

"ఇంటికే. కరకోల్ ఊరి చివర, ఆపిల్ తోటల పక్కన. దొంగ దూరం నుంచే పారిపోవాలి."

"ఇది కళ్లలో కొడితే దొంగ కాదు, మీరే పారిపోతారు. దాని వెనక ఎవరున్నారో కూడా కనబడదు. చిన్నవి మూడు తీసుకోండి. మనిషి కదిలితే వెలుగుతాయి."

"ఒకటి అడిగితే మూడు అంటగడుతున్నారన్నమాట."

"అంటగట్టడం కాదండీ..."

"నేను జాగ్రఫీ టీచర్ని. వెలుగు ఎటు పడుతుందో పిల్లలకి రోజూ చెప్పేది నేనే. ఇదే ప్యాక్ చెయ్యండి."

"అలాగే టీచరమ్మా," అన్నాడు సిర్గాక్, నవ్వు దాచుకోకుండా. ఆ నవ్వు తలుచుకుని ఆమె ఇల్లు చేరేదాకా ఉడుక్కుంది.

ఆమె తొందరకు కారణం ఉంది. నెల క్రితం ఎవరో పాకలోంచి నానమ్మ గుర్రాన్ని తోలుకుపోయారు. అప్పటినుంచి బురుల్ నానమ్మ పొద్దు వాలగానే తలుపు గడియపెట్టి, కిటికీ దగ్గర కూర్చుండిపోతోంది. ఈ ఆదివారం వచ్చి ఆవిణ్ని తనుండే బిష్కెక్ నగరానికి తీసుకుపోతానని, ఇల్లు అమ్మేస్తానని బాబాయి ఫోన్ చేశాడు. అమ్మానాన్నలు పోయాక కనిషాయ్ పెరిగింది ఆ ఇంట్లోనే, ఆ నానమ్మ చేతుల్లోనే.

ఆ సాయంత్రమే పక్కింటాయన్ని బతిమాలి లైటు గోడకు బిగించింది. స్విచ్ వెయ్యగానే పక్కింటి పుంజు తెల్లారిందనుకుని కూసింది. నానమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇంతలో గేటు దగ్గర నుంచి ఎవరో "బురుల్" అని పిలిచారు. నానమ్మ గబుక్కున తలుపు మూసేసింది.

వచ్చింది ఆవిడకి నలభై ఏళ్లుగా స్నేహితురాలు. వేడివేడి రొట్టెలు తెచ్చింది.

"మొహమే కనబడలేదే తల్లీ," అంది నానమ్మ, ఇంకా ఆయాసపడుతూ.

మర్నాడు మంగళవారం, బడి వదలగానే కనిషాయ్ మళ్లీ కొట్లో నిలబడింది.

"ఏం మాట్లాడకండి," అంది.

"నేనేమీ అనలేదే."

"మీ మొహం అంటోంది."

"దాన్ని ఇంటిదగ్గర పెట్టి రాలేనుగా."

సాయంత్రానికి సిర్గాక్ లైట్లూ, నిచ్చెనా మోసుకుంటూ ఇంటికి వచ్చాడు. రాగానే ఎక్కలేదు. నానమ్మ పక్కన బల్లమీద కూర్చుని, ఆవిడ పోసిన టీ రెండు గిన్నెలు తాగాడు.

"మామ్మగారూ, ఇక్కడ కూర్చుంటే మీకు ఏమేం కనబడాలి?"

ఆ మాట ఇంతవరకూ తనకు అడగాలనే తోచలేదని కనిషాయ్‌కి చురుక్కుమంది.

"గేటు దగ్గరికొచ్చినవాళ్ల మొహం. పాక తలుపు. అంతే బాబూ," అంది నానమ్మ.

పెద్ద లైటు విప్పేసి, పసుపురంగు లైట్లు మూడు, నేలకేసి దించి బిగించాడు. మసక చీకటి పడింది.

"ఏదీ, దొంగలా నడువు చూద్దాం," అంది నానమ్మ.

అతను వంగి, మునివేళ్లమీద నడిచాడు. లైటు వెలిగింది.

"ఇంత చప్పుడు చేస్తే ఏ గుర్రం నీ వెంట వస్తుందిరా? మళ్లీ నడువు."

నాలుగోసారి బోర్లా పడుకుని పాక్కుంటూ వచ్చాడు. అయినా లైటు పట్టేసింది. జుట్టు నిండా గడ్డితో తల ఎత్తాడు. నానమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నెల రోజుల తర్వాత ఆ నవ్వు విని, కనిషాయ్ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

బుధవారం సెన్సార్ కాస్త పక్కకు తిప్పాలంటూ వచ్చాడు. గురువారం లైటుకి బిగించిన మర వదులైందన్నాడు. శుక్రవారం కూడా నిచ్చెనతో దిగాడు.

"నిన్న బిగించిన మర ఇవాళ మళ్లీ వదులైందా?" అంది నానమ్మ.

"చలికి వదులవుతాయండీ మామ్మగారూ."

"మే నెలలో చలేమిట్రా?"

లోపల టీ వడకడుతున్న కనిషాయ్ నవ్వాపుకోలేక సగం కింద ఒలకబోసింది.

ఆదివారం పొద్దు వాలాక బాబాయి కారు దిగాడు. తల్లి ఆరుబయట బల్లమీద తీరిగ్గా కూర్చుని ఉంది.

"సామాను సర్దుకోలేదేమ్మా?"

"నేనెక్కడికీ రాను. నాకిక్కడ అన్నీ కనబడుతున్నాయి. గేటు తీస్తుంటే నీ బట్టతల కూడా కనబడింది."

బాబాయి తల తడుముకున్నాడు. తల్లి మొహంలో బెరుకు ఎక్కడా లేదు. ఇక బలవంతపెట్టలేదు.

అప్పుడే గేటు దగ్గర లైటు వెలిగింది. సిర్గాక్. చేతిలో నిచ్చెన లేదు. కనిషాయ్ ఎదురెళ్లింది.

"ఇవాళ ఏ మరండీ?"

"అన్నీ గట్టిగానే ఉన్నాయి. మీరూ వెళ్లిపోతారేమో అని..."

"వెళ్లడం లేదు."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే రేపూ వస్తాను."

"ఏ వంకతో?"

"వంకలు అయిపోయాయి టీచరమ్మా. మీరంటే ఇష్టం. అందుకని వస్తాను."

ఆమె చెంపలు వేడెక్కాయి.

"ఇంత చిన్న మాట చెప్పడానికి నాలుగు రోజులు నిచ్చెన మోశారా?"

"అది తేలికండీ. ఈ మాటే బరువు."

"నాకూ అంతే," అంది ఆమె, తల దించుకుని.

"సిర్గాక్," అని బల్లమీద నుంచి నానమ్మ కేకేసింది. "వచ్చే ఆదివారం మీ అమ్మని తీసుకురా."

ఆ మరుసటి ఆదివారం సిర్గాక్ తల్లి వచ్చింది. కోడలిగా చేసుకుంటున్నామని చెప్పడానికి అత్తగారు పెట్టే వెండి దుద్దులు తెచ్చింది. కనిషాయ్ కుడిచెవికి పెట్టేసింది. ఎడమచెవి దగ్గరకొచ్చేసరికి దుద్దు రెండుసార్లు ఆవిడ చేతిలోంచి జారిపోయింది. కనిషాయ్ ఆ చేతిమీద తన చెయ్యి వేసింది.

"నాకూ కంగారుగానే ఉందత్తయ్యా," అంది.

ఆ పిలుపు వినగానే సిర్గాక్ మెట్టుమీద కూర్చుండిపోయాడు.