కుళాయి దగ్గర మలుపు

బడి గేటు దాటగానే చిన్న పిల్లలంతా మళ్లీ బురదలోకే దిగారు.

ఏడో తరగతి ఇంజనీరు నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. ఇంజనీరు అసలు పేరు కాదు. చేతిలో ఎప్పుడూ స్కేలు ఉంటుందని క్లాసు వాళ్లు అలా పిలుస్తారు.

వానలు మొదలయ్యాక గేటుకీ మెట్లకీ మధ్య నేలంతా చిత్తడి. కూలిన పాత గోడ ఇటుకలతో బాట వేసుకుంటామని హెచ్‌.ఎం. మేడంని ఒప్పించింది ఇంజనీరే. గేటు నుంచి మెట్ల దాకా గీత గీసినట్టు బాట వేయించింది. బాట బాగుంది. దాని మీద నడిచేవాళ్లే లేరు.

"శనివారం దాకా చూస్తాను," అన్నారు మేడం. "అప్పటికీ ఎవరూ నడవకపోతే ఆ ఇటుకలు సైకిల్ షెడ్డుకి వాడేస్తాం."

ఆ మాట విన్నప్పటి నుంచి ఇంజనీరుకి అన్నం సయించడం లేదు.

"చిన్నవాళ్లకి బురదంటే సరదా. బాటకి రెండు పక్కలా తాడు కట్టేద్దాం," అంది.

"తాడు కడితే నడుస్తారా?" అన్నాడు బక్కోడు. వాడు ఆమె క్లాసే, ఇటుకలన్నీ మోసింది వాడే.

"చచ్చినట్టు నడుస్తారు."

ఇంజనీరు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. బక్కోడు వెళ్లి తాడు తెచ్చాడు.

మర్నాడు పొద్దున ఒకటో తరగతి బుడతడు తాడు కింద నుంచి దూరబోయాడు. కాలు జారింది. బోర్లా పడ్డాడు. మోకాలు గీరుకుపోయింది.

ఇంజనీరు పరుగెత్తుకెళ్లి లేపింది. భయానికి కోపమే ముందొచ్చింది.

"అంత మంచి బాట ఉండగా బురదలో నీకేం పని?"

బుడతడు ముక్కు ఎగబీల్చాడు. "నీ బాట కుళాయి దగ్గరికి రాదు కదక్కా."

"పొద్దున్నే కుళాయి ఎందుకు?"

"సీసా ఇంట్లోనే నింపితే బ్యాగు మొయ్యలేం. అందుకే ఖాళీ సీసా తెచ్చి ఇక్కడ పట్టుకుంటాం. అందరం."

ఇంజనీరు వాడి చేతిలోని సీసా చూసింది. ఖాళీగా ఉంది. కుళాయి లైబ్రరీ గది మూల వెనక ఉంది. పెద్ద తరగతులకి మేడ మీదే నీళ్లు ఉన్నాయి. ఆ మూల వైపు ఆమె వెళ్లి ఎన్నాళ్లయిందో.

వాడి మోకాలు కడగడానికి అక్కడికే తీసుకెళ్లింది. దారి పొడుగునా బురదలో చిన్న చిన్న పాదాల గుర్తులు. గేటు నుంచి కుళాయికి, కుళాయి నుంచి మెట్లకి. అన్నీ ఒకే దారిలో ఉన్నాయి.

ఆ రోజు ఆమె స్కేలు సంచిలోంచి తీయలేదు. బాటని కుళాయి మీదుగా తిప్పితే ఎలా ఉండాలని కనిపించిన వాళ్లందరినీ అడుగుతూ తిరిగింది.

"మలుపు కొంచెం వెడల్పుగా తిప్పు తల్లీ," అన్నాడు పుస్తకాల బండి తోసే అటెండర్ బాబాయ్. "లేకపోతే నేను తిరుగుతాను గానీ బండి తిరగదు."

చేతికర్రతో నడిచే సంగీతం మాస్టారు ఆ కర్రతోనే నేల తట్టి చూపించారు. "ఇటుకల మధ్య సందులు లేకుండా చూడమ్మా. నా కర్ర ఇరుక్కుందంటే పాటకి బదులు కేక వినిపిస్తుంది."

సాయంత్రం ఇంజనీరు తాడు విప్పేసి, బాటలో మొదటి ఇటుక తనే పెకలించింది.

"కథ మళ్లీ మొదటికొచ్చిందా?" అన్నాడు బక్కోడు.

"మొదట అడగాల్సింది ఇప్పుడడిగాను. నువ్వు తాడు గురించి అడిగినప్పుడైనా వినాల్సింది."

బక్కోడు చొక్కా చేతులు పైకి మడిచాడు. "సరే, ఈసారి నేనొక్కణ్ణే మొయ్యను."

మొయ్యనక్కర్లేకపోయింది. మర్నాటి నుంచి ఆటల పీరియడ్‌లో చిన్నవాళ్లు వరస కట్టి ఇటుక తర్వాత ఇటుక అందించారు. బాబాయ్ ఖాళీ బండి తెచ్చి మలుపులో తిప్పి చూశాడు. మాస్టారు కర్రతో ఒక్కో సందూ తట్టి, ఇసుక ఎక్కడ కూరాలో చెప్పారు. అంచులు కాస్త వంకరగానే వచ్చాయి. ఇంజనీరుకి ఆ వంకరే ముద్దుగా అనిపించింది.

శనివారం పొద్దున వాన పడింది. పిల్లలు గొడుగులతో, సీసాలతో బాట మీద బారులు తీరారు. బురదలోకి ఒక్కరూ దిగలేదు. హెచ్‌.ఎం. మేడం వరండాలో నిలబడి చాలాసేపు చూశారు.

"సైకిల్ షెడ్డుకి వేరే ఇటుకలు వెతుక్కోవాలి," అన్నారు. ఆవిడ అలా నవ్వి చాలా రోజులైంది.

పాపని దింపడానికి వచ్చిన ఒకావిడ కుళాయి దగ్గర ఆగింది. "భలే ఉందే. ఎవరేశారు ఈ బాట?"

"నేనే," అన్నాడు బుడతడు, ఛాతీ విరుచుకుని.

"నేను కూడా," అంది వాడి వెనకున్న పిల్ల.

"నేను లేకుండానేనా?" అన్నాడు బాబాయ్ బండి ఆపి.

ఆవిడ నవ్వి ఇంజనీరు వైపు తిరిగింది. బక్కోడు కూడా ఇంజనీరు ఏమంటుందోనని చూశాడు.

ఇంజనీరు తల పైకెత్తింది.

"అవునండీ, వీళ్లే," అంది. "మలుపు ఎక్కడ తిప్పాలో ఈ బుడతడే చెప్పాడు."