దుర్భిణి టీచరమ్మ

“ఏమప్పా! అద్దానికి పట్టిన బూజు తుడవమంటే నక్షత్రాల్నే తుడిచిపెట్టినావే!”

పుంగనూరు బజారులో నా గడియారాల అంగడి ముందు నిలబడి దెబోరా టీచరు నాతో అన్న మొదటి మాట ఇది. 1946 ఫిబ్రవరి. మదనపల్లి నుంచి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చినట్టుంది, చెంప మీద మసి, చేతిలో పొడుగాటి చెక్కపెట్టె. నాకు ఒళ్ళు మండింది. మనిషి మాత్రం కంటికి బాగుంది. రెండూ ఒకేసారి జరిగితే నేనేం చేసేది?

వారం కిందట ఆ పెట్టెను బస్సు డ్రైవరు చేతికిచ్చి నాకు పంపింది ఈమే. లోపల ఇత్తడి టెలిస్కోపు. మూడడుగుల పొడవు, మూడంగుళాల అద్దం, ఇంగ్లాండు సరుకు. నేను దాన్ని విప్పి, తుడిచి, అదే బస్సులో తిప్పి పంపాను.

“తుడిచేదే కాదు టీచరమ్మా, రిపేరు గూడా చేసినా,” అన్నాను. “నీ దుర్భిణిలో మసీదు మినార్లు తలకిందులుగా కనిపిస్తాండినాయి. ముందరి అద్దం ఎవురో తిరగేసి బిగించినారు. నేను సరిగ్గా తిప్పి పెట్టినా.”

“తిప్పినాక మినార్లు సక్కగా నిలబడినాయా?”

నేను గొంతు సవరించుకున్నాను. “లేదు. తలకిందులుగానే ఉండాయి. కాకపోతే మసకగా ఉండాయి.”

కోపంగా వచ్చిన మనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి గాని నవ్వు ఆగలేదు.

“ఆకాశం చూసే టెలిస్కోపులో అన్నీ తలకిందులే అప్పా. నక్షత్రానికి తలేది, కాళ్ళేవి? ముందర ఉండేది ఒక అద్దం కాదు, రెండు. ఒకదానికొకటి జత. జత తారుమారైతే నక్షత్రం దూదిపింజ మాదిరి కనిపిస్తాది.”

పదకొండేళ్లుగా గడియారాలు విప్పుతున్నవాణ్ణి. ఒక పంతులమ్మ దగ్గర పాఠం చెప్పించుకుంటానా? పౌరుషం వచ్చింది.

“శనివారం నేనే మదనపల్లికి వస్తా. నీ కళ్ళ ముందరే సరిచేస్తా. చేయలేకపోతే అంగడి మూసేస్తా.”

“వచ్చేటప్పుడు తాళం గూడా తెచ్చుకో,” అని బస్సెక్కింది.

శనివారం మధ్యాహ్నానికే మదనపల్లి చేరాను. ఆమె పనిచేసే బడి ఊరి చివర, ఒక చిన్న చర్చి పక్కన ఉంది. హాస్టల్ ఆవరణలో నాకో బల్ల వేశారు. మేట్రన్ పాపక్క చేటనిండా బియ్యం పోసుకుని మా ఇద్దరి మధ్య గోడలాగా కూర్చుంది. బియ్యంలో రాళ్లు లేకపోయినా ఏరుతూనే ఉంది.

పని చేస్తుండగా దెబోరా చెప్పింది. ఆమెకు చదువు చెప్పించిన డాక్టరు దొరసాని నిరుడు ఇంగ్లాండు వెళ్లిపోతూ ఈ టెలిస్కోపు ఇచ్చిందట. “ఇది బడికి కాదు, నీకు” అని కాగితం కూడా రాసిచ్చిందట.

పొద్దు వాలేసరికి అద్దాలు జతపడ్డాయి. చీకటి పడీ పడకముందే ఆమె గొట్టాన్ని తూర్పుకు తిప్పి, ఒక చుక్కకు గురిపెట్టి పక్కకు జరిగింది.

“సూడు.”

చూశాను. నల్లటి గుండ్రంలో పెసరగింజంత వెలుగు. దాని చుట్టూ ఉంగరం. గింజకూ ఉంగరానికీ నడుమ సన్నటి నల్లని సందు కూడా స్పష్టంగా ఉంది. లేచి గొట్టం ముందుకు వెళ్లి అద్దాన్ని తడిమాను.

“ఏం వెతకతాండావు?”

“బొమ్మ. అద్దం మీద బొమ్మ అంటించినావు గదా?”

పాపక్క చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. నేను ఉక్రోషంతో మళ్లీ కన్ను పెట్టాను. ఉంగరం గుండ్రం అంచుకు జరిగిపోయి ఉంది. చూస్తుండగానే సగం మాయమైంది.

“పారిపోతాండాది!”

“అది యాడికీ పోలేదు. పోతాండేది మనం,” అంది దెబోరా. “భూమి తిరగతాండాది.”

నా అంగట్లో ముప్పై గడియారాలు టిక్కుటిక్కుమంటూ కొలిచేది ఈ తిరుగుడునే. రోజూ వాటికి కీ ఇస్తాను, ముల్లు సరిచేస్తాను. అసలు తిరిగేదాన్ని మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. కళ్ళలో నీళ్లు తిరిగాయి. దెబోరా అది చూసింది. ఆ ఒక్కసారి నన్ను ఎగతాళి చేయలేదు. అప్పుడే నా పని అయిపోయింది.

ఇంటికొచ్చి మా అమ్మ సంతోషమ్మతో శనిగ్రహాన్ని చూశానని చెప్పాను. మూడు తరాలుగా క్రైస్తవులం. అయినా తలస్నానం చేస్తేగాని లోపలికి రావద్దని గుమ్మంలోనే ఆపేసింది.

ఆ తర్వాత ప్రతి శనివారం టెలిస్కోపులో ఏదో ఒక మర వదులవుతూనే ఉంది. నేను మదనపల్లి పోతూనే ఉన్నాను. తిరిగొచ్చే ముందు ఒక మర వదులు చేసి వచ్చేది నేనే. కానీ ఒక వారం నేను ముట్టుకోని మర కూడా వదులుగా ఉంది. దెబోరా వైపు చూశాను. ఆమె ఎంతో శ్రద్ధగా చందమామ వైపు చూస్తోంది.

అంతలో సదుం నుంచి సిద్దమ్మ వచ్చింది. హాస్టలుకు చింతపండు అమ్మే మనిషి. తన కూతురు కృత్తికా నక్షత్రంలో పుట్టిందని మాటల్లో చెబితే, దెబోరా సరదాగా టెలిస్కోపులో కృత్తికల్ని చూపించింది.

“అమ్మమ్మా! ఆరుగురే అనుకుంటిని. ఇంతమందా!” అని సిద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది.

నొక్కుకుని ఊరుకుంటే బాగుండేది. మిషన్ టీచరమ్మ దుర్భిణిలో జన్మనక్షత్రం చూస్తాదని సదుమంతా చాటింది. మరుసటి శనివారానికి బడి ముందు నాలుగు ఎద్దులబండ్లు. ఒకాయన చేతిలో జాతకం. ఒకాయన ఎనుము తప్పిపోయింది, యాడుందో చూడమన్నాడు. దెబోరా తనకు జాతకాలు రావని అందరికీ చెప్పి, చందమామను చూపించి పంపించింది. కానీ ఆ బండ్లు చర్చి సంఘపెద్ద యేసురత్నంగారి కంటపడ్డాయి.

“దేవుని స్థలంలో గ్రహాలు చూస్తాండారా!” అని ఆయన ఇంతెత్తున లేచాడు. బడి కమిటీలోనూ ఆయనదే పెద్దరికం. టెలిస్కోపు కమిటీకి అప్పగించాలి, దాన్ని అమ్మేస్తారు. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. అదీ తీర్పు.

కుప్పం రైల్వే స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసే దెబోరా వాళ్ళ నాయన విల్సన్‌గారు విషయం తెలిసి పరుగున వచ్చాడు.

“తప్పయిందని ఒక్క మాట అనెయ్యమ్మా. నోరేమన్నా అరిగిపోతాదా?”

“తప్పు చేసింటే వెయ్యిసార్లు అంటాను నాయనా. చెయ్యలేదు.”

నేను నా తెలివి చూపించాను. “టెలిస్కోపును నా అంగట్లో దాచిపెడతా. అమ్మేసినామని చెప్దాం. జనం మరిచిపోయినాక తెచ్చుకోవచ్చు.”

దెబోరా నా వైపు తిరిగింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

“దాచిపెట్టేదానికి అది దొంగసొత్తా? ఆకాశం చూసేది దొంగతనమా? పోప్పా. నువ్వూ అంతే.”

ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. కుడివైపు చాపల మీద మగవాళ్ళు, వాళ్ళలో నేనూ; ఎడమవైపు ఆడవాళ్ళు. తప్పు ఒప్పుకునేవాళ్ళు ముందుకొచ్చి బలిపీఠం మెట్టు దగ్గర ఒంటరిగా నిలబడాలి. ఆడా మగా పక్కపక్కన నిలబడేది అక్కడ పెళ్లి రోజు మాత్రమే.

ఆరాధన ముగిశాక పాస్టరు కరుణాకర్ అయ్యగారు తలెత్తకుండానే దెబోరా పేరు పిలిచారు. ఆమె వచ్చి మెట్టు దగ్గర నిలబడింది.

“నేను జాతకాలు చూడలేదు,” అంది. “దేవుడు చేసిన ఆకాశాన్ని చూసినా. వచ్చినవాళ్ళకు చూపించినా. ఇంకా చూస్తా, ఇంకా చూపిస్తా. తప్పని మాత్రం ఒప్పుకోను.”

చర్చిలో గుసగుసలు లేచాయి. ఎంతమంది కళ్ళు, అన్నీ ఆమె ఒక్కదాని మీదే. విల్సన్‌గారు తల దించుకున్నాడు. నాకు ఇంక కూర్చోవడం చేతకాలేదు. చాపలు దాటుకుంటూ పోయి ఆమె పక్కన నిలబడ్డాను.

“నువ్వెందుకు వచ్చినావు దేవదానం?” అన్నారు పాస్టరుగారు.

“నేనూ చూసినా అయ్యగారూ. తప్పయితే నాదీ తప్పే. తప్పు కాదు గాబట్టి నేనూ ఒప్పుకోను.”

యేసురత్నంగారు చివ్వున లేచాడు. “ఆడమనిషి పక్కన అట్ల నిలబడేదానికి ఇదేమన్నా పెళ్ళా?”

నాకూ తిక్క రేగింది. “పెళ్ళే అనుకోండి! వచ్చే ఆదివారం మా పేర్లు చదవండి!”

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చర్చిలో చదవడం మా ఆనవాయితీ. నోరు జారాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. దెబోరా మెల్లగా నా వైపు తిరిగింది.

“నన్నడిగినావా?”

“ఇప్పుడడగతాండా.”

“మొన్న దాచిపెడదామన్నావే?”

“అన్నా. అది తప్పే. ఆ ఒక్క తప్పు మాత్రం సంఘం ముందర ఒప్పుకుంటాండా.”

ఆడవాళ్ళ వైపు నుంచి పాపక్క నవ్వు వినిపించింది. తర్వాత ఇంకొకరు, తర్వాత ఇంకా ఎందరో. పాస్టరుగారు పెదవి బిగపట్టుకుని రిజిస్టరు తెరిచారు.

“పేరు రాయాలంటే పిల్ల తండ్రి ఒప్పుకోవాల.”

విల్సన్‌గారు లేచాడు. “నా బిడ్డ తప్పు చేయలేదని నాకు తెలుసు అయ్యగారూ. తెలిసీ తప్పొప్పుకోమన్నా, ఉద్యోగం పోతాదని భయపడి. రాసుకోండి. కుప్పం విల్సన్ కూతురు దెబోరా.”

“మరి ఉద్యోగం సంగతి?” అన్నాడు యేసురత్నంగారు. గొంతులో ముందటి ఊపు లేదు.

“ఉద్యోగం మీది, తీసుకోండి,” అంది దెబోరా. “టెలిస్కోపు నాది. ఇచ్చేది లేదు.”

పాస్టరుగారు కలం సిరాలో ముంచి ఆమె వైపు చూశారు. “నువ్వేమంటావమ్మా?”

ఆమె ఆయనకు జవాబు చెప్పలేదు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

“మీ అంగడి మిద్దె పైకి మెట్లుండాయా?”

“నిచ్చెన ఉండాది.”

“రాసుకోండి అయ్యగారూ,” అంది దెబోరా.