బోర్డు మీద ఇన్నమ్మ

ఖానాపురం హవేలి అనే ఊళ్లో, ఇన్నమ్మ ఉండే వీధివాళ్లకు పాలవాడి హారన్ కంటే ముందు ఆమె ఓవెన్ వాసన తగులుతుంది. ఆ రోజూ అంతే. వెన్న, యాలకులు, కాస్త ఎక్కువ కాగిన చక్కెర కలిసిన వాసన వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వాకిట్లోకి వ్యాపించింది. ఇన్నమ్మ స్టూలు మీద కూర్చుని జీడిపప్పు బద్దలు విడదీస్తోంది. డైనింగ్ టేబుల్ దగ్గర ఆమె కూతురు ఏంజెల్ లాప్‌టాప్‌లో ఒక్కో ఫాంట్ పెట్టి చూస్తూ, పెదవి విరుస్తూ, మళ్లీ మారుస్తోంది.

ఏంజెల్ డిజిటల్ ప్రకటనలు తయారుచేస్తుంది. హైదరాబాదు నగల దుకాణాలూ, విజయవాడ చీరల షోరూములూ ఆమెకు పనులు పంపుతుంటాయి. ఏ పేరుకు ఏ అలంకార అక్షరం నప్పుతుందో, దాని పక్కన ఏ సాదా అక్షరాన్ని నిలబెట్టాలో ఆమెకు బాగా తెలుసు. ఇంట్లో మాత్రం దాన్ని "అక్షరాలు మార్చే పని" అంటారు. ఈసారి ఆ పని సొంత అన్న జయరాజే అప్పగించాడు. అతను భద్రాచలంలో, బ్రిడ్జి దాటగానే, రెండో బేకరీ తెరుస్తున్నాడు. క్రిస్మస్ కేకుల ఆర్డర్ల కోసం చుట్టుపక్కల ఊళ్ల ఫోన్లన్నింటిలో ప్రకటన కనిపించాలన్నాడు. కొత్త పేరు కూడా తనే పంపి, ఇంగ్లీషులో, తీగలు తిరిగిన అక్షరాల్లో కావాలన్నాడు.

ఇన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏంది బిడ్డా ఇది? తీగెలు తీగెలుగ ఉన్నది. ముగ్గా?"

"పేరమ్మా. భద్రాచలం కొట్టు పేరు."

"ఏమని రాసినవ్?"

"రాయల్ బేక్ హౌస్."

"మరి ఇక్కడిది?"

ఏంజెల్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. "ఇక్కడ కూడా అదే పెడతడంట. రెండిటికీ ఒకటే పేరుండాలె కదా అమ్మా."

"బాగున్నది" అంది ఇన్నమ్మ. అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడున్న కొట్టు మీద 'ఇన్నమ్మ కేకులు' అని ఉంటుంది. పిల్లలిద్దరూ చిన్నగా ఉన్నప్పుడు, డేకిసా గిన్నెలో ఇసుక పోసి దాని మీద కేకు కాల్చి, చర్చి నుంచి వచ్చేవాళ్లకు ముక్కలు కోసి అమ్మినప్పుడు, జనమే పెట్టిన పేరది. ఆ పేరు మీదే కొట్టు లేచింది, చదువులు జరిగాయి. జయరాజ్ హోటల్ మేనేజ్‌మెంటు చదివి వచ్చి ఓవెన్లు కొన్నాక కూడా జనం బోర్డు చూడకుండానే ఇన్నమ్మ కొట్టు అనేవారు.

ఆ పూట ఒక ట్రే అడుగు మాడింది. ఇన్నమ్మ చేతిలో ఎన్నడూ లేనిది. ఆ వాసనకి ఏంజెల్ తలెత్తింది. వారం రోజులుగా ఆ ఇంగ్లీషు అక్షరాల మధ్య ఖాళీలు సరిచేస్తూ, వంపులు సన్నం చేస్తూ మురిసిపోయింది. వాటి కింద ఏ పేరు చెరిగిపోతోందో ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గుగా అనిపించింది. లాప్‌టాప్ మూసేసింది.

మధ్యాహ్నం జయరాజ్ బండి దిగీదిగకముందే అడిగాడు. "అయిందా ఏంజెల్? బోర్డు కొట్టేటాయన జల్దీ పంపమంటుండు."

"ఆ పేరు నేను చెయ్యనన్నా."

"ఏంది? నిన్న నమూనా పంపింది నువ్వే కదా, మస్తుగున్నది!"

"అందంగనే వచ్చింది. గని అమ్మ చూసింది."

జయరాజ్ కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూ, వంటింటివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "నేనేం అమ్మను తీసేస్తలేను. వ్యాపారం పెద్దగ చేస్తున్న. మొన్న కొత్తగూడెంల ఫంక్షన్ హాల్ ఆయనతోటి మాట్లాడిన. పేరు చెప్పంగనే నవ్విండు. 'ఇన్నమ్మ ఎవరయ్యా, కట్టెల పొయ్యి మీద కాలుస్తదా' అన్నడు. పక్కన నలుగురున్నరు. నేనేం చెప్పాలె?"

"మా అమ్మ అని చెప్పాలె."

"నీకేం, స్క్రీన్ ఎనక కూసుంటవ్. మనుషుల ముందట నిలబడేది నేను!"

ఈసారి గొంతు తగ్గలేదు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఇన్నమ్మ చారుగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నా పేరంటే సిగ్గయితుందా జయా?"

పక్కనే తన కంచం ముందు కూర్చున్న తండ్రి అంతోనయ్య వాతావరణం తేలిక చేద్దామని, "నాకైతే లాభమే. కేకుల ఇన్నమ్మ పెనిమిటిని అంటెనే బ్యాంకుల కుర్చీ ఏస్తరు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"వద్దు" అంది ఇన్నమ్మ, గిన్నె బల్ల మీద పెడుతూ. "పేరు తీసేస్తే కేకు చేదైతదా? నలుగురిల వాడు తల దించుకునే పేరు నాకూ వద్దు. రాయలో ఏందో, అదే పెట్టుండ్రి."

తిట్టినా బాగుండేది. జయరాజ్ కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి లేచాడు. ఏంజెల్ అతనికి అడ్డంగా నిలబడింది.

"సాయంత్రం దాక ఆగు. నేనొకటి చేస్త. చూసినంక కూడా నీకు రాయలే కావాలంటే, నా చేతుల తోటే పంపిస్త."

"ఏం చేస్తవ్?"

"నా పని."

ఏంజెల్ మళ్లీ లాప్‌టాప్ తెరిచింది. 'ఇన్నమ్మ' అని తెలుగులో కొట్టి, ముందు పెళ్లికార్డుల ఫాంట్ పెట్టింది. కొసలన్నీ లతలే. న వత్తూ మ వత్తూ ఆ లతల్లో చిక్కుకుని ఏది ఏదో తెలియలేదు. తీసేసింది. ఇంకోటి సినిమా పోస్టరులా అరుస్తోంది. మరోదానిలో వత్తుల కిందిభాగం కత్తిరించినట్టు తెగిపోయింది. తర్వాత కుంచెతో రాసినట్టుండే అక్షరం ఒకటి దొరికింది. గుండ్రని ఒళ్లు, లావు నుంచి సన్నానికి జారే గీత. అందులో 'న్న', 'మ్మ' పక్కపక్కన కూర్చుంటే, కింద రెండు వత్తులూ నిండుగా, నిబ్బరంగా కనిపించాయి. వాటికి ఊపిరాడేలా కింది వరుసను దూరం జరిపింది. 'కేకులు, భద్రాచలం', ఫోన్ నంబరు మాత్రం ఏ సింగారమూ లేని నిటారు అక్షరంలో పెట్టింది. రంగు ముదురు ఎరుపు.

ఎండ వాలుతుండగా జయరాజ్‌ను వరండాలోకి పిలిచి, తల్లి ఫోన్ అతని చేతిలో పెట్టింది. అద్దం ఒక మూల పగిలిన ఫోన్.

"దీంట్ల ఎందుకు? నీ స్క్రీన్ మీద చూపెట్టరాదు?"

"భద్రాచలం చుట్టుపక్కల చర్ల, దుమ్ముగూడెంల చూసేటోళ్ల చేతులల్ల ఉండేది ఇసొంటిదే. ఎండల నిలబడి చూస్తరు. ఫస్టు నీది చూడు."

తీగల అక్షరాలు వెలుతురులో దారప్పోగుల్లా కనిపించాయి. జయరాజ్ ఫోన్‌ను దగ్గరికి, దూరానికి జరిపి చూశాడు. ఏంజెల్ వేలితో పక్కకు జరిపింది. ఎర్రగా, నిండుగా 'ఇన్నమ్మ' వచ్చింది. ఆ పేరు చదవడానికి అతను కళ్లు చిట్లించక్కర్లేకపోయింది.

"కింద గిట్ల సాదాగ ఎందుకు? అంతా అదే డిజైన్ల పెడితే మంచిగుంటది కదా."

"పెళ్లిల అందరికీ దండలేస్తే పెళ్లికూతురెవరో ఎట్ల తెలుస్తది? సింగారం ఒక్క పేరుకే. మిగిలినయి ఆ పేరును మోస్తయి."

జయరాజ్ కింది వరుసను మళ్లీ చదివాడు.

"ఒక మాట అడుగుతున్న. రాయల్ అంటే ఎవరు అన్నా? ఎవరన్న కొట్టుకొచ్చి అడిగితే ఎవరిని చూపెడతవ్?"

అతను ఫోన్‌ను రెండు చేతుల్లోకి తీసుకుని మళ్లీ చూశాడు. అదే పేరు, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పేరే. ఇంత నిండుగా, తల ఎత్తుకుని నిలబడగా మాత్రం చూడలేదు.

"ఆ ఫంక్షన్ హాల్ ఆయన నవ్వింది పేరుకు కాదు ఏంజెల్" అన్నాడు చివరికి. "నేను చెప్పిన తీరుకు. తప్పు చేసినోని లెక్క నసుగుతూ చెప్పిన. నేనే గట్ల చెప్తే ఇనేటోడు నవ్వడా?"

ఫోన్ పట్టుకునే వంటింట్లోకి నడిచాడు. ఇన్నమ్మ మాడిన ట్రేను గీకుతోంది. అటు తిరగలేదు. జయరాజ్ ఆమె చేతిలోంచి ట్రే తీసి పక్కన పెట్టి, ఫోన్ ఆమె ముందు పట్టుకున్నాడు.

"అమ్మా, నీ పేరు అడగకుండ తీసేసిన. ఇప్పుడు అడుగుతున్న. ఇస్తవా?"

ఇన్నమ్మ తెర వైపు చూసింది. చూపుడువేలు 'ఇ' చుట్టూ తిరిగి, రెండు వత్తుల మీదికి జారి ఆగింది.

"ఇంత పెద్దగనా?"

"ఇంక పెద్దగ పెట్టమంట."

"నలుగురిల నీకు…"

"నలుగురికీ నేనే చెప్త అమ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు మాత్రం ఆగలేదు. జయరాజ్ చిన్నపిల్లాడిలా తల్లి భుజం మీద తల ఆనించాడు. గుమ్మంలో నిలబడ్డ ఏంజెల్ కళ్లు తుడుచుకుంది. "కళ్లు తుడుసుకుని జల్దీ చెప్పుండ్రి, పంపియ్యాలె" అంది. ఇన్నమ్మ ఏడుస్తూనే నవ్వింది. "ఈ పిల్లది అక్షరాలు మార్చుడే అనుకున్న. మనుషులను కూడా మారుస్తుంది."

ఆదివారం ప్రార్థన అయ్యి ఇంటికొచ్చేసరికి ప్రకటన అన్ని ఫోన్లలోకీ వెళ్లిపోయింది. అన్నాలు తినక ముందే జయరాజ్ ఫోన్ మోగడం మొదలుపెట్టింది. చర్ల నుంచి ఒకావిడ, వాళ్ల చర్చి మొత్తానికి కేకులు కావాలట.

"ఇన్నమ్మగారి కొట్టేనా? ఆమెతోనే మాట్లాడాలె."

జయరాజ్ నిటారుగా కూర్చున్నాడు. "నేను ఇన్నమ్మగారి కొడుకునండీ. మా అమ్మ పక్కనే ఉన్నది, ఇస్తున్న."

ఫోన్ చేతికి రాగానే ఇన్నమ్మ ఒక్క క్షణం తడబడి, చీర సర్దుకుంది. తర్వాత ఆమె గొంతు ఇల్లంతా వినబడింది.

"అవ్, ఇన్నమ్మనే మాట్లాడుతున్న. చెప్పుండ్రి."