ముప్పయ్యొకటో ప్యాచ్

“ఈ ప్యాచ్ తీసుకోను.”

రోజారాణి ఉమామహేశ్‌తో అన్న మొదటి మాట అదే. అదీ ఎదురుగా కాదు, ఇంగ్లీషులో, కంప్యూటర్ తెర మీద.

ఉమామహేశ్ ఓడరేవు పక్క పేట ఖిదిర్‌పూర్‌లో, పాడైన హార్డ్‌డిస్కుల్లోంచి ఫైళ్లు బయటికి తీసే దుకాణంలో పనిచేస్తాడు. డిస్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా నకలు తీస్తే దాన్ని డిస్క్ ఇమేజ్ అంటారు. అలాంటి ఇమేజ్‌లను చదవడానికి దేశదేశాల వాళ్లు కలిసి రాసుకునే ఒక కోడు లైబ్రరీ ఉంది. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. అందులోని పాత కోడు చూస్తే ఉమామహేశ్‌ చేతులు ఊరుకోలేదు. మూడు ఆదివారాలు కూర్చుని రెండువేల లైన్లు మార్చి, “శుభ్రం చేశాను” అని ఒక్క ముక్క రాసి పంపాడు.

అలా వచ్చిన మార్పుల్ని, అంటే ప్యాచ్‌లని, చూసి తీసుకోవాలో వద్దో చెప్పే నలుగురిలో రోజారాణి ఒకతె.

“శుభ్రం చేయడమంటే కోడు చేసే పని మారకూడదు. సగంలో తెగిపోయిన ఇమేజ్‌ని చదివే పద్ధతినే మీరు చెప్పకుండా మార్చేశారు. చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కోదానికి కారణం రాసి, అది నిజమని రుజువు చేసే టెస్టుతో పంపండి” అని రాసింది. కింద, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: “412వ లైను మీద ‘ఇది ఏటి బాబూ?’ అని కామెంట్ ఉంది. మీది శ్రీకాకుళం వైపా?”

అర్థంకాని లైను ఒకటి కనబడితే ఉమామహేశ్ దాని మీద తనకోసం విసుగ్గా రాసుకుని, తీసేయడం మరిచిపోయాడు. సిగ్గుపడుతూనే జవాబిచ్చాడు.

“ఉండేది ఖిదిర్‌పూర్ పక్కనే, వాట్‌గంజ్. నాన్న డాక్‌లో పని. తాతది టెక్కలి. మీరు?”

“హౌరా. నాన్న మునిసిపాలిటీ నీళ్ల పంపు దగ్గర. మాది సోంపేట.”

ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క గంగ. ఎక్కడెక్కడి వాళ్లో రాసే ఆ కోడులో ఈ ఇద్దరికే ఆ లైను దగ్గర పరిచయం కావాలని ఎవరు రాసిపెట్టారో!

రెండువేల లైన్లు ముప్పయ్యొక్క ముక్కలయ్యాయి. మొదటి ముక్కతో పాటు ఆ కామెంటూ లైబ్రరీలోకి వెళ్లిపోయింది. “చివర్లో తీసేద్దువులే” అంది రోజారాణి. వానాకాలం వచ్చేసరికి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. శనివారం సాయంత్రాలు బాబూఘాట్ రేవు దగ్గర టీ దుకాణం అలవాటైంది.

“ఇరవైమూడోది ఎందుకు వెనక్కి పంపావ్?”

“ఒకదాంట్లో రెండు మార్పులు దూర్చావ్ మరి.”

“రెండోది చిన్నదే కదా!”

“చిన్నదైతే విడిగా పంపడానికి ఏటి బాధ?”

“నీకసలు జాలి లేదు.”

“ఉంది. అందుకే చా నేను తాగిస్తున్నా. దాదా, ఇంకో రెండు!”

గొడుగు కింద ఆమె నవ్వేది. అతనికి చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చి మళ్లీ లోపలికి పోయేది. ఆమె ఎక్కిన హౌరా స్టీమర్ వెళ్లిపోయాక అరగంట దాకా ఘాట్ మెట్ల మీద అటూ ఇటూ తిరిగేవాడు.

కొడుకు తిరుగుడు తల్లి కనిపెట్టదా? సన్యాసమ్మ అమ్మాయి పేరు రాబట్టింది, ఇల్లు కనుక్కుంది. గురువారం మంచిదని, ఎవరికీ చెప్పకుండా కొబ్బరికాయ, అరటిపళ్లు పట్టుకుని హౌరా వెళ్లి వచ్చింది.

సాయంత్రం రోజారాణి ఫోను.

“మీ అమ్మగారు వచ్చారు.”

“ఎక్కడికి?”

“మా ఇంటికి. కొబ్బరికాయతో. నీ ఉద్యోగం పర్మనెంటంట. ఇల్లు సొంతమంట. మనిద్దరం అన్నీ మాటాడేసుకున్నామంట. అవునా?”

“నేను పంపలేదు రోజా...”

“మళ్లీ రెండువేల లైన్లు ఒకేసారి. లోపల ఏం మార్చారో చెప్పకుండా. ఈ ప్యాచ్ తీసుకోను. ఆదివారం సాయంత్రం ఇక్కడే ఉండే పలాస వాళ్లు నన్ను చూసుకోడానికొస్తారు. వాళ్లని వద్దనాలంటే నాకు నిజమైన కారణం కావాలి.”

ఫోను పెట్టేసింది.

“ఏటమ్మా ఇలా సేసినావు?”

“ఏటి సేసినాన్రా? సంబంధమన్నాక నాలుగు మంచిమాటలు ఆడమా? అందరూ ఆడరా?”

రోజూ దీపం పెట్టే మనిషి ఆవిడ. పెళ్లి కోసం ఆడిన అబద్ధాన్ని దేవుడు అబద్ధం కింద చూడడని ఆవిడ నమ్మకం. మనలో అలా నమ్మని వాళ్లు ఎంతమంది?

శుక్రవారం పొద్దున్న ఉమామహేశ్ మొదటి మెసేజ్ పంపాడు.

“ఒకటి. ఉద్యోగం పర్మనెంటు కాదు. టెస్టు: మా ఓనర్‌ని అడుగు.”

“ఓకే.”

“రెండు. ఇల్లు డాక్ వాళ్లిచ్చిన క్వార్టరు. వచ్చే ఏడాది నాన్న రిటైరైతే ఖాళీ చేయాలి.”

“తర్వాత ఎక్కడ?”

“తెలీదు.”

“తెలీదని రాశావ్ కాబట్టి ఓకే.”

“మూడు. మనం మాటాడుకోలేదు. నువ్వంటే ఇష్టమని నేనెప్పుడూ చెప్పలేదు.”

దానికి జవాబు రాలేదు. దుకాణంలో డిస్కు విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. ఫోను చూశాడు. బయట వాన ఆగింది, మొదలైంది, ఆగింది. చేతులు ఖాళీగా ఉండలేక, మిగిలిన ముప్పయ్యొకటో ప్యాచ్ కూడా పంపేశాడు. అందులో ఉన్నది ఒకటే మార్పు: 412వ లైను మీది కామెంట్ తీసేయడం.

శనివారం మధ్యాహ్నానికి మెసేజ్ వచ్చింది. “మూడోదానికి కారణం రాయలేదు.”

“భయం.”

“ఓకే. ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలియాల్సింది మా నాన్నకి.”

ఆదివారం పొద్దున్న తల్లీకొడుకులు స్టీమర్ ఎక్కారు. “నా పరువేటి అవుతాదిరా?” అని సన్యాసమ్మ దారంతా గొణిగింది. మధ్యమధ్య దేవుణ్ణి తలుచుకుంది.

రోజారాణి తండ్రి గురువులు వాకిట్లోనే కుర్చీలు వేశాడు. ఉమామహేశ్ నోరు తెరిచాడు. “మామయ్యా, మొన్న మా అమ్మ...”

“నువ్వాగరా.” సన్యాసమ్మ కొంగు భుజం నిండా కప్పుకుంది. “అన్నయ్యగోరూ, ఆ మాటలు నావి. పర్మనెంటు కాదు. ఇల్లు సొంతం కాదు. పిల్లలు మాటాడుకోనేదు. ఆడు మంచోడన్నది ఒక్కటే నిజం.”

గురువులు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“సెల్లెమ్మా, పలాసోళ్లూ కుర్రోడిది పర్మనెంటనే సెప్పినారు. ఇప్పుడు ఆళ్లనీ మళ్లీ అడగాలేటి?” అని పెద్దగా నవ్వాడు. “మా గుంటని, రోజాని అడుగుతాను. దాని మాటే నా మాట. చా తాగి ఎల్లండి.”

రోజారాణి టీ ఇచ్చింది. కళ్లెత్తలేదు.

తిరుగు స్టీమర్ నది మధ్యకి వచ్చాక ఫోను మోగింది. ముప్పయ్యొకటో ప్యాచ్ మీద జవాబు.

“తీసుకోను.”

వేలితో కిందికి జరిపాడు.

“కారణం: ఆ కామెంట్ తీయకు. ‘మీరిద్దరూ ఎలా కలిశారు’ అని రేపు మన పిల్లలు అడిగితే ఏం చూపిస్తాం? టెస్టు: నాన్న ఇప్పుడే పలాస వాళ్లకి రావద్దని ఫోన్ చేశాడు.”

“ఏటంటాదిరా?” సన్యాసమ్మ అడిగింది.

“తీసుకోనంది.”

ఆవిడ ముఖం వాడిపోయింది. “మరి నువ్వేటిరా, నవ్వుతున్నావు?”

“తీసుకోనంటూనే ఒప్పుకుందమ్మా.”

“నీ కంప్యూటరు సదువు నాకు తెల్దు. ఔనా, కాదా?”

“ఔనే.”

సన్యాసమ్మ గంగ వైపు తిరిగి చేతులు జోడించింది. ఉమామహేశ్ మూడు రోజుల్లో మొదటిసారి ఫోను జేబులో పెట్టుకున్నాడు.