బిరడాకి చుట్టిన దారం

"అది ఇచ్చేది కాదండీ," అన్నాడు త్రినాథ్, లారీ వెనక తలుపు మీది తామరపువ్వుకి గులాబీ రంగు వేస్తూనే.

"చూడకుండానే కాదంటే ఎలా?" అంటూ ఆమె స్కూటీ దిగి హెల్మెట్ తీసింది. వానకి తడిసిన జుట్టు ఒక పక్కే అణిగి ఉంది. "సాలూరు మొత్తానికి బీరు పీపా దాచుకున్న మనిషి మీరొక్కరేనట. పేరు బాగా సంపాదించారు."

"తాగి దాచలేదు."

"నేనూ తాగడానికి అడగట్లేదు. అల్లం బీరు చేస్తాను. తాగితే మత్తెక్కదు, ముక్కెక్కుతుంది. సీసాల్లో పోస్తే పేలిపోతున్నాయి. అయిదు లీటర్ల చిన్న పీపా అయితే గట్టిగా ఉంటుందని."

త్రినాథ్ బ్రష్ ఆగింది. అల్లం బీరు అన్న మాట విని రెండేళ్ళయింది.

ఆమె పేరు ఈశ్వరి. గరివిడి అమ్మాయి, ఇక్కడి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్. ముప్పై మూడేళ్ళు. పెళ్ళి కాలేదని ఆమె కన్నా చుట్టాలకే ఎక్కువ బెంగ.

షెడ్డు వెనకే ఇల్లు. ఒక్కసారి చూసి పోతానంటే కాదనలేక త్రినాథ్ లోపలికి తీసుకెళ్ళాడు. లోపలి గదిలో కిటికీ కింద, అత్తగారు లక్ష్మీనరసమ్మ మంచం పక్కన ఉంది పీపా. కింద, పైన రెండు వైపులా పూరీలా పొంగి ఉంది. ఈశ్వరి వేలితో కొట్టి చూసి, గభాలున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది ఖాళీ కాదు! ఎవరండీ నింపింది?"

"నేనూ, మా ఆవిడా."

"పిలవండి ఆవిణ్ణి, ఇద్దర్నీ కలిపి తిట్టాలి. ఇంత పంచదార ఎవరైనా..." గోడ మీద దండ వేసిన ఫోటో కనబడి, మాట మధ్యలో ఆగిపోయింది.

మంచం మీంచి లక్ష్మీనరసమ్మే అంది. "దానికేటి తెలుస్తాది పాపం. కూకో అమ్మా."

ఈశ్వరి కూర్చోలేదు. మెల్లగా అంది. "సారీ అండీ. కానీ అతుకు దగ్గర తుప్పు పట్టింది. ఏదో ఒకరోజు పేలుతుంది. అమ్మగారు పక్కనే పడుకుంటున్నారు."

"పేలదు," అన్నాడు త్రినాథ్. "మీరెళ్ళండి."

ఆమె వెళ్ళిపోయింది.

ఆ పీపా రాయపూర్‌లో ఒక హోటల్ వాళ్ళు పారేసింది. ఒక లారీ డ్రైవరు తెచ్చిచ్చాడు. దాన్ని వేణ్ణీళ్ళతో కడిగి అల్లం బీరుకి వాడొచ్చని కనిపెట్టింది అతని భార్య ఉష. పులిసిన అల్లం నీళ్ళు పోసి, చివర్లో ఒక చెంచా పంచదార వేసి, రబ్బరు బిరడా బిగించేది. బిగించే ముందు బిరడా చుట్టూ సన్నటి నూలుదారం నాలుగు చుట్లు చుట్టేది, గ్యాసు పోకుండా. ఖద్దరు నేసే పొందూరు అమ్మాయి కదా, దారం లేకుండా ఏ పనీ చెయ్యదు.

ఆ ఆఖరిసారి మాత్రం త్రినాథ్ మూశాడు. లారీ మీద పనికి వైజాగ్ వెళ్ళాలి, తొందర. దారం కూడా చుట్టలేదు.

"పంచదార ఏసీసేవా?" అడిగింది ఉష.

"ఏసేను."

కాసేపాగి మళ్ళీ, "నిజింగా ఏసేవా?"

"ఆ మాత్రం నమ్మకం లేదేటి నా మీద? ఇంకెప్పుడూ నువ్వే సేసుకో!"

"నానింక ఆ పీపా ముట్టను," అంది ఉష, గోడవైపు తిరిగి.

మూడోరోజు వైజాగ్‌లో ఉండగా ఫోనొచ్చింది. ఉషకి తలలో నరం చిట్లింది. అతను వచ్చాక ఆమె మళ్ళీ కళ్ళు తెరవలేదు. వాళ్ళ మధ్య ఆఖరి మాట అదే అయిపోయింది. అందుకే ఆ పీపాని అతను పారెయ్యలేకపోయాడు, తెరవనూ లేకపోయాడు. ఉష మీద తను అరిచిన అరుపు అందులోనే బిగించి ఉన్నట్టుండేది.

వెళ్ళమంటే వెళ్ళిన మనిషి వారానికి మళ్ళీ వచ్చింది, పెద్దావిడకని సీసాలో అల్లం బీరు పట్టుకుని. ఆ పైవారమూ వచ్చింది.

"ఏటే ఇది, ముక్కులోకి దూరిపోతన్నాది!" అని నవ్వేది లక్ష్మీనరసమ్మ. కూతురు పోయాక ఆమె నవ్వడం త్రినాథ్ అప్పుడే విన్నాడు.

"పెయింటరు గారూ, మీరు తాగరా?"

"నాకొద్దండి."

"భయమా?"

"పనుందండి."

"ఆ తామరకి ఇంకెన్ని రేకులు వేస్తారు? ఇప్పటికే బంతిపువ్వులా ఉంది."

నిజమే. స్కూటీ చప్పుడు వినిపించిన రోజల్లా రెండు రేకులు ఎక్కువ పడుతున్నాయి. అది తెలిసిన రోజు త్రినాథ్‌కి అన్నం సయించలేదు. గోడమీది ఫోటో వైపు చూడలేకపోయాడు.

ఒక ఉదయం మంచం కింద నేల తడిగా ఉంది. పీపా అతుకులోంచి గోధుమరంగు చుక్క ఒకటి జారుతోంది, సరిగ్గా అత్తగారి తలగడ పక్కకే. ఆమె ఎప్పుడో చూసింది. చెప్పలేదు.

"ఏటి సెప్పమంటావు నాయనా," అంది ఆమె. "నీకు అదొక్కటే మిగిలింది కదా అని."

ఈసారి త్రినాథే కాలేజీకి ఫోన్ చేశాడు.

సన్నగా వాన పడుతోంది. పీపాని పెరట్లో పెట్టి, తడిగోనె కప్పి, ఈశ్వరి చెంచా కాడతో బిరడా అంచుని కొంచెం కొంచెంగా లేపింది. ఉస్సుమంటూ గాలి చాలాసేపు పోయింది. ఆపైన బిరడా ఎగిరిపడి, అల్లం నీళ్ళు ఫౌంటెన్‌లా లేచి ముగ్గురి మీదా కురిశాయి. పెరడంతా ఉష వంటింటి వాసన.

త్రినాథ్ దోసిట్లో కొంచెం పట్టి నాలుక మీద వేసుకున్నాడు. పులుపు, వట్టి పులుపు.

"త్రినాథా," అని పిలిచింది లక్ష్మీనరసమ్మ. ఆమె చేతిలో బిరడా ఉంది. మడతలోకి దిగిపోయిన గోధుమరంగు దారాన్ని గోటితో లాగుతోంది. "ఇది నా సేతి దారం. నాను వడికిందే."

"దారమా? నేను చుట్టలేదత్తా. ఆవేళ తొందరలో అలాగే బిగించేను."

ఈశ్వరి బిరడా అందుకుని తిప్పి చూసింది. వాన గోనె మీద పడుతున్న చప్పుడు.

"మీరు వెళ్ళాక ఆవిడ తెరిచారు," అంది ఈశ్వరి మెల్లగా. "మీరు నిజంగా వేశారో లేదోనని ఇంకో చెంచా వేసి, దారం చుట్టి మూశారు. అందుకే ఇంతలా పొంగింది."

"ముట్టనంది..." అన్నాడు త్రినాథ్, బిరడా వైపే చూస్తూ.

"అది అలిగితే అలగే," అంది తల్లి. "నోటితో ఒప్పుకోదు. సేత్తో సేసీసి ఊరుకుంటాది. నీ మీద కోపం ఒక్క పూట కూడా ఉంచుకోలేదు నాయనా అది."

రెండేళ్ళుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఈశ్వరి లేచి, పని ఉన్నట్టు గోనె పిండుకుంటూ అటు తిరిగి నిలబడింది. అలా తిరిగి నిలబడినందుకే ఆమెని ఎన్నటికీ మరిచిపోలేననుకున్నాడు త్రినాథ్.

ఉబ్బిన పీపా ఇంక పనికిరాదు. కడిగి, కిటికీ కింద తన చోట్లోనే పెట్టాడు, ఖాళీగా. కార్తీకంలో ఈశ్వరి ఎక్కడో వెతికి కొత్త పీపా తెచ్చింది. ముగ్గురూ పెరట్లో కూర్చుని నింపారు.

"పంచదార వేసేశారా?" అడిగింది ఈశ్వరి.

అదే ప్రశ్న. త్రినాథ్ చేతిలో చెంచా ఇంకా నిండుగానే ఉంది. అందులో సగమే పీపాలోకి వంచి, మిగతా సగంతో చెంచా ఆమెకి అందించాడు.

"సగం వేసేను. సగం మీరెయ్యండి. ఇక్కడే ఉండి... ఎప్పుడూ."

ఈశ్వరి చెంచా అందుకుంది. దానివైపే చాలాసేపు చూసింది. పంచదార వంచి, ఖాళీ చెంచా పీపా అంచున ఒకసారి తట్టింది.

లక్ష్మీనరసమ్మ కళ్ళు తుడుచుకుని, ఒళ్ళోని కండెలోంచి మూరెడు దారం తీసి, పంటితో కొరికి ఈశ్వరి చేతిలో పెట్టింది.

"నాలుగు సుట్లమ్మా," అంది. "గట్టిగా సుట్టు."