వీధి చివర పోర్చ్ లైట్

ఆష్‌బర్న్‌లో మా వీధి చివర ఒక ఇల్లుంది. అసురసంధ్య వేళ అటు ఎవరూ నడకకి పోరు. మనిషి లేని ఇంటి ముందు పోర్చ్ లైట్ దానంతటదే వెలుగుతుందని, దగ్గరికెళ్తే ఎవరో గొణుగుతారని చెప్పుకుంటారు. అమెరికాలో దెయ్యాలేమిటని నవ్వేవాళ్లు కూడా కుక్కని అవతలి వీధిలోనే తిప్పుతారు.

ఆ ఇల్లు సృజన్‌ది. పెళ్లి చేసుకోకపోయినా అతనూ మైత్రీ ఏళ్లపాటు అందులో కలిసే ఉన్నారు. తన తర్వాత ఇల్లు ఆమెకేనని విల్లు రాసుకున్నాడు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి. మూఢం వెళ్లనిమ్మన్నారు మనవాళ్లు.

మూఢం ఇంకా ఉండగానే సృజన్ పోయాడు... నిద్రలోనే. సంతకం లేని విల్లు చెల్లదన్నారు. ఇల్లు ఇండియాలో ఉన్న అన్నదమ్ములకి పోతుందట గానీ, కోర్టులో ఇంకా తేలలేదు. మైత్రి మాత్రం సూట్‌కేస్ పట్టుకుని వెళ్లిపోయింది.

మొన్న చలికాలంలో మా వీధిలోనే ఉండే ఫణికి గుండె ఆపరేషన్ ఖాయమైంది. భార్య లేదు. ఉన్నదల్లా చిన్నపిల్ల హంసిక. తనకేమైనా అయితే పిల్లని బాతెల్ ఊళ్లో ఉన్న దాని పిన్ని రేణు పెంచాలని ఆన్‌లైన్‌లో విల్లు తయారుచేసుకున్నాడు.

తెల్లారితే ఆపరేషన్... సాక్షులు దొరకలేదు.

ఆఫీస్‌లో అడిగితే ముక్కూమొహం తెలియనివాళ్లయినా సంతకం పెట్టేవాళ్లే. ఇలాంటివాటికి మనవాళ్లే ఉండాలని వాడి పట్టు. మనవాళ్ల సంగతి తెలిసిందేగా. కొడుకు దగ్గర ఉంటున్న రాధారాణిగారు తలుపు సగమే తీసింది.

"ఆపరేషన్ ముందు ఆ మాటలేంటి నాయనా... తథాస్తు దేవతలు తిరిగే వేళ."

పెద్దావిడే కాదన్నాక ఇంకెవరు ఔనంటారు? ఫణి ఫోన్ చెవిన పెట్టుకుని, తెలిసినవాళ్లందరినీ బతిమాలుతూ నడిచాడు. ఎటు పోతున్నాడో చూసుకోలేదు.

"రెండు సంతకాలే కదా బ్రో... ప్లీజ్... సరేలే."

ఫోన్ పెట్టేసి తలెత్తాడు — ఎదురుగా ఆ ఇల్లు.

పోర్చ్ లైట్ వెలిగింది.

వీధిలో నరపురుగు లేదు. ఇంతమంది తెలుగువాళ్ల మధ్య తనకి ఎవరూ లేరనిపించి వాడికి ఏడుపొచ్చింది. అప్పుడు... తలుపు దగ్గర్నుంచి గుసగుస.

"ఫణీ... సంతకం నేను పెడతాను."

ఫణి ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఎ... ఎవరు?"

"నేను... మైత్రిని. డోర్‌బెల్‌లోంచి మాట్లాడుతున్నా."

ఇల్లు కోర్టులో ఉండగా ఆ కెమెరా బెల్ ఎవరూ పీకలేదు, ఆమె ఫోన్‌లోంచి యాప్ పోలేదు. అద్దె గదిలో ఒక్కతే కూర్చుని రోజూ సాయంత్రం ఆ గుమ్మాన్నే చూసుకుంటుందట. ఎవరైనా కనబడితే పలకరిద్దామని నోరు తెరుస్తుంది, వాళ్లు పరుగు లంకించుకుంటారు. వీధంతా హడలిపోయిన దెయ్యం, మాట్లాడే దిక్కులేని ఒక ఆడమనిషి.

కాసేపటికి ఆమె కార్‌లో వచ్చి నేరుగా రాధారాణిగారి తలుపు తట్టింది.

"సృజన్‌కీ ఇలాగే చెప్పారు ఆంటీ."

పెద్దావిడ కళ్లజోడు వెతుక్కుని వెంట నడిచింది. ఫణి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద, ఒకరి కళ్లెదుట ఒకరు, ముగ్గురూ సంతకాలు పెట్టారు. హంసిక పక్కనే కూర్చుని బొమ్మలకి రంగులేసుకుంటోంది.

ఆపరేషన్ బాగానే జరిగింది, ఫణి లేచి తిరుగుతున్నాడు. ఆనాటి మిగతా సంగతి మాత్రం ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతాడు.

వాళ్లని గుమ్మం దాకా సాగనంపుతూ అన్నాడట, "లైట్ కూడా యాప్‌లోంచే ఆన్ చేశావా మైత్రీ? హడలి చచ్చాను."

మైత్రి షూ వేసుకుంటూ ఆగిపోయింది.

"లైటా? దానికి ఇంట్లోపలే స్విచ్. నా ఫోన్‌లో అదెప్పుడూ ఆరిపోయే కనపడుతుంది..."

ముగ్గురూ వీధి చివరికేసి చూశారు. లైట్ వెలుగుతూనే ఉంది.

"నేను లేట్‌గా వచ్చే రోజుల్లో... తనే వేసి ఉంచేవాడు" అంది మైత్రి, మెల్లగా.

ఆమె కార్ ఆ ఇంటి ముందుదాకా పోయి ఆగింది.

అప్పుడు ఆరింది లైట్.